ఆతే వేలాడదీసిన నక్షత్రం

సెప్టెంబరు ఒకటో తారీఖు వచ్చిందంటే చాలు, దుబాయ్ సత్వాలో మేముండే విల్లా వంటింటి కిటికీకి ఒక కాగితం నక్షత్రం వేలాడేది. బయట ఎండ నలభై డిగ్రీలు. లోపల ఆతే స్టూలెక్కి, నోట్లో దారం ముక్క పట్టుకుని, ఆ నక్షత్రం రెండు తోకలూ సమానంగా ఉన్నాయా లేదా అని చూసుకుంటూ ఉండేది. మొదటి ఏడాది నాకేమీ అర్థం కాలేదు. మా ఊళ్ళో చర్చి వీధిలో కూడా స్టార్లు కడతారు గానీ అవి డిసెంబరులో కదా.

"క్రిస్మస్‌కి ఇంకా నాలుగు నెలలుంది" అన్నాను.

"పేరు చివర 'బర్' ఉన్న నెల వచ్చిందంటే మా దేశంలో క్రిస్మస్ వచ్చేసినట్టే, ఇందాయ్. ఇది ఉత్త స్టార్ కాదు, పరోల్. ఇది కడితేనే నా ఇల్లు" అంది.

ఆతే అంటే తగలోగ్ భాషలో అక్క. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. విల్లాలో ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయిలంతా అలాగే పిలిచేవారు, నేనూ వాళ్ళతో పాటే పిలిచాను. ఆమె నన్ను ఇందాయ్ అనేది. వాళ్ళ వైపు ఆడపిల్లల్ని ముద్దుగా అలా పిలుస్తారట, మనం 'బంగారం', 'బుజ్జమ్మా' అన్నట్టు. 2010లో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. ఆతే అక్కడే నర్సు. బెడ్ స్పేస్ ఎక్కడైనా దొరుకుతుందా అని భయంభయంగా అడిగితే, ఆ సాయంత్రమే తన గదిలో ఖాళీ అయిన పై మంచం నాకు ఇప్పించింది. గదిలో నలుగురం. ముగ్గురు వాళ్ళు, నేనొక్కదాన్నే తెలుగుదాన్ని. ఆరేళ్ళు ఆ పై మంచం మీదే పడుకున్నాను.

వెళ్ళిన కొత్తలో నేను అన్నీ దాచేదాన్ని. మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లెటూరు. అమ్మ కట్టిచ్చిన ఎండు మెత్తళ్ళని నాలుగు కవర్లలో చుట్టి, సూట్‌కేసులో బట్టల అడుగున పెట్టాను. వండితే ఎవరేమంటారో, నన్నెలా చూస్తారో అని భయం. రెండు వారాలు అలాగే ఉంచాను. ఒక శుక్రవారం పొద్దున్న ఆతే మంచం మీద లేచి కూర్చుని, గాలి గట్టిగా పీల్చి, "దిలిస్!" అని అరిచింది. నా గుండె గుభేలుమంది. ఆమె ముఖం మాత్రం వెలిగిపోతోంది. వాళ్ళ దిలిస్, మన మెత్తళ్ళు ఒకటే.

కవర్లన్నీ విప్పించింది. ఒక చేపని రెండు వేళ్ళతో తీసి కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. తల ఊడలేదు, పొట్ట మీద వెండి మెరుపు పోలేదు. "ఇసుక మీద కాదు, వల మీద ఆరబెట్టారు. మీ అమ్మకి చెప్పు, చాలా బాగుందన్నానని" అంది. పొడి పెనం మీద సన్నసెగన వేయించింది. చిన్న గిన్నెలో వెనిగర్ పోసి, చితక్కొట్టిన వెల్లుల్లి, పచ్చిమిరప ముక్కలు వేసింది. రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లి రేకలతో ఎర్రగా వేయించింది. వాళ్ళు దాన్ని సినాంగాగ్ అంటారు. కిటికీ మూయలేదు, తలుపు కూడా మూయలేదు. పక్క గదిలోంచి ఎవరో వచ్చి "ఏంటీ వాసన?" అని అడిగారు. ఆతే ఒక పళ్ళెంలో ఇంత అన్నం, నాలుగు చేపలు వేసి వాళ్ళ చేతిలో పెట్టి, "మా ఊరి పొద్దుటి భోజనం. తిని చూడండి" అంది. సంజాయిషీ చెప్పలేదు, గొంతు పెంచలేదు. నేను ఆ పెనం పక్కనే నిలబడి ఉన్నాను. ఆ రోజు తర్వాత నా సూట్‌కేసులో ఏదీ నాలుగు కవర్లలో చుట్టలేదు.

వంటింట్లో మా రెండు ఊళ్ళూ చాలాసార్లు కలిశాయి. మునగాకుని వాళ్ళు మలుంగాయ్ అంటారు, పచ్చి బొప్పాయితో పాటు కోడి పులుసులో వేస్తారు. చింతపండు సంపాలోక్. దాంతో కాచే సినిగాంగ్ మొదటిసారి తాగినప్పుడు, ఇంగువ తాలింపు ఒక్కటే తక్కువ అనిపించింది. అన్నిటికంటే ముచ్చట బిబింగ్కా. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి, మట్టి మూకుడులో అరిటాకు పరిచి పోసి, కింద నిప్పులు, పైన రేకు మీద నిప్పులు పెట్టి కాలుస్తారు. మా అమ్మమ్మ దిబ్బరొట్టె కాల్చే పద్ధతి ఇదే. మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు పెట్టి, చీరకొంగుతో విసిరేది. నేను చెబుతుంటే ఆతే పొయ్యి కట్టేసి కుర్చీలాక్కుని కూర్చుని, మొదట్నించీ మళ్ళీ చెప్పమంది.

ఇంకో రోజు సంగతి. క్లినిక్‌లో రక్తపరీక్షకి వచ్చిన ఒకాయన, మన దేశస్థుడే, ఆతేని ఎగాదిగా చూసి, "మా ఇంట్లో పనిమనిషి కూడా ఫిలిప్పీన్సే. మీ దేశంలో అందరూ ఇదే పనా?" అన్నాడు. నేను శాంపిల్ ట్యూబుల మీద పేర్లు రాస్తున్నాను. కలం ఆగిపోయింది. ఆతే ఆయన చేతికి రబ్బరు పట్టీ కడుతోంది. కట్టడం ఆపలేదు.

"మా పిన్ని చేసిందండీ ఆ పని. హాంకాంగ్‌లో పదహారేళ్ళు. ఆ జీతంతోనే నేను నర్సింగ్ చదివాను. పిడికిలి బిగించండి."

ఆయన బిగించాడు. ఒక్క పోటుకే నరం దొరికింది. దూది పెట్టి, "రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి" అని మర్యాదగానే చెప్పి, తర్వాతి మనిషిని పిలిచింది.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ ఆతేకి ఒక విషయం చెప్పాను. అప్పటిదాకా దుబాయ్‌లో ఎవరికీ చెప్పనిది. మా పిన్ని కూడా అప్పుడు కువైట్‌లో ఇంటిపనే చేస్తోంది. 1996 నవంబరు 6న తుపాను మా కోనసీమని ఊడ్చేసినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తెల్లారేసరికి మా ఊళ్ళో కొబ్బరిచెట్లు మొండేలుగా మిగిలాయి. కొబ్బరితోట కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పులవాళ్ళు అన్నేళ్ళు ఆగరు. బాబాయి లేడు. 1998లో పిన్ని కువైట్ వెళ్ళింది. నా ల్యాబ్ కోర్సు ఫీజు ఆమె దినారాలతోనే కట్టాం. కానీ ఇంట్లో అందరం "ఆస్పత్రిలో పని" అని చెప్పేవాళ్ళం. నేను కూడా అదే చెప్పేదాన్ని, ప్రతిసారీ.

ఆతే అన్నం కలపడం ఆపి విన్నది. వాళ్ళ పిన్ని కథా ఇలాంటిదే. 1991 నవంబరు 5న లేతే దీవిలో ఓర్మోక్ పట్నం మీదకి కొండల్లోంచి వరద దూకింది. వేలమంది పోయారు. వాళ్ళ తీతా, అంటే పిన్ని, ఇల్లు పోగొట్టుకుని మరుసటేడు హాంకాంగ్ వెళ్ళింది. అక్కడ ఆదివారం ఒక్కరోజే సెలవు. ఆ రోజు నగరం నడిబొడ్డున పెద్ద పెద్ద భవనాల కింద అట్టలు పరుచుకుని వేలమంది ఆడవాళ్ళు కూర్చుని, వండి తెచ్చుకున్నవి తింటారు, ఉత్తరాలు రాసుకుంటారు, పాడుకుంటారు. 1988లో అధ్యక్షురాలు కోరజాన్ అక్వినో హాంకాంగ్ వచ్చినప్పుడు ఆ ఆడవాళ్ళనే 'బగోంగ్ బయాని' అన్నారట, కొత్త వీరులని. ఆతేకి ఆ మాట ఇష్టమే గానీ దాంతో సరిపెట్టుకునేది కాదు. "వీరులని పిలిస్తే చాలదు ఇందాయ్, సరైన జీతం ఇవ్వాలి, పాస్‌పోర్టు వాళ్ళ చేతిలో ఉండనివ్వాలి" అనేది. నాకూ అదే సరైన మాట అనిపిస్తుంది, ఈ రోజుకీ.

ఆ వారం కువైట్‌కి ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వేం పని చేస్తావో మా క్లినిక్‌లో అందరికీ చెప్పాను" అన్నాను. అటు కాసేపు మాట లేదు. "ఏమన్నారే?" అంది. "ఒకావిడ నీ ఫొటో చూపించమంది" అన్నాను.

ఆతేకి తన దేశం గురించి చెప్పడం మొదలుపెడితే ఆపబుద్ధయ్యేది కాదు. నాకూ వినబుద్ధయ్యేది. వాళ్ళ మాటల్లో మన మాటలుండేవి. మూఖా అంటే ముఖం. గురో అంటే గురువు. ఆసా అంటే ఆశ. దివాతా, బుధి. దుఖా అంటే మాత్రం పేదవాడు. మన దుఃఖం సముద్రం దాటేసరికి పేదరికమైంది. నాకు బాగా నచ్చిన మాట ముత్యా. ముత్యమే! ఒక రోజు ఫోన్‌లో ఒక రాగిరేకు ఫొటో చూపించింది. 1989లో లగూనా దగ్గర నదిలో దొరికిందట, ఇప్పుడు మనీలా నేషనల్ మ్యూజియంలో ఉంది. ఒక కుటుంబానికి బంగారం అప్పు మాఫీ చేస్తూ రాసిన పత్రం. తేదీ చదివి వినిపించింది: శక సంవత్సరం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చవితి, సోమవారం. క్రీస్తుశకం 900 అన్నమాట. స్పెయిన్ వాళ్ళు రావడానికి ఆరు వందల ఏళ్ళకి పైగా ముందు. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. మా తాతగారు పంచాంగం చూసి చెప్పే తిథి ఒక ఫిలిప్పీన్స్ నది అడుగున పడుందని ఎవరనుకుంటారు? "మాకు చరిత్ర స్పెయిన్ వాళ్ళతోనే మొదలైందనుకుంటారు" అంది ఆతే, ఆ ఫొటోని వేలితో తుడుస్తూ.

జూన్ 12న, వాళ్ళ స్వాతంత్ర్య దినాన, యూనిఫాం కాలర్‌కి చిన్న జెండా పిన్ను పెట్టుకునేది. డిసెంబరు 30న హోసే రిసాల్ గురించి చెప్పేది. 1896లో స్పెయిన్ ప్రభుత్వం ఆయన్ని మనీలాలో కాల్చి చంపింది. నవలలు రాసినాయన, కవి అని అందరూ చెబుతారు. ఆతే మాత్రం ముందు "కంటి డాక్టరు" అనేది. "తల్లి కళ్ళకి ఆపరేషన్ చేశాడు. హాంకాంగ్‌లో ప్రాక్టీసు పెట్టాడు. ఆయనా మాలాగే పరదేశంలో పని చేసుకున్నవాడే" అనేటప్పుడు ఆమె వీపు నిటారుగా అయ్యేది. తగలోగ్‌లో 'తాఆస్ నోఓ' అనే మాట ఉంది. నుదురు ఎత్తి నిలబడటం. మనం తలెత్తుకోవడం అంటాం.

డిసెంబరు 16న మొదలై తొమ్మిది రోజులు సింబాంగ్ గాబి. వాళ్ళ దేశంలో తెల్లవారక ముందే చర్చికి వెళతారు, రైతులు పొలానికి వెళ్ళేలోపు ప్రార్థన అయిపోవాలని మొదలైన ఆచారమట. బయటికి రాగానే వేడివేడి బిబింగ్కా. మాకూ ధనుర్మాసం ఇంచుమించు ఆ రోజే మొదలవుతుందని, చీకట్లోనే లేచి తిరుప్పావై వినడానికి గుడికి వెళతామని, రాగానే దొన్నెలో పొంగలి పెడతారని నేను చెప్పాను. దుబాయ్‌లో డ్యూటీల మూలాన వాళ్ళు సాయంత్రాలే వెళ్ళేవారు. ఊద్ మేథాలో సెయింట్ మేరీస్ చర్చి ఆవరణ కిక్కిరిసి ఉండేది. నేనూ రెండు మూడుసార్లు వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. వేల గొంతులు ఒక్కసారిగా తగలోగ్‌లో పాడుతుంటే అర్థం తెలియకపోయినా ఒళ్ళు జలదరించేది.

2013 నవంబరు గురించి రాయాలంటే చెయ్యి కొంచెం ఆగుతుంది.

ఆతేది అదే లేతే దీవిలో తక్లోబాన్. సముద్రం ఒడ్డు. యోలాండా తుపాను వస్తోందని కొన్ని రోజులుగా చెబుతున్నారు. ఏడో తారీఖు గురువారం రాత్రి డ్యూటీ దిగి వచ్చి అమ్మకి ఫోన్ చేసింది. వాళ్ళన్నయ్య అమ్మని, పిల్లల్ని స్కూలు బిల్డింగుకి తీసుకెళుతున్నాడు. "గాలి ఎక్కువగా ఉంటుందట, రేకులు పోతే పోనీ" అంది వాళ్ళమ్మ. మాకు తెల్లవారుజాము మూడు, అక్కడ ఉదయం ఏడు. ఫోన్లు ఆగిపోయాయి. ఆ తర్వాత టీవీలో చూసినవి నాకు కొత్త కాదు. విరిగిన కొబ్బరిచెట్లు, ఊరి మధ్యలో ఓడ, బురదలో మంచం కోళ్ళు.

అధికారులు ముందే హెచ్చరించారు. కానీ 'స్టార్మ్ సర్జ్' అన్న ఇంగ్లీషు మాట చాలామందికి అర్థం కాలేదు. గాలివాన అనుకున్నారు, నీళ్ళు గోడలా లేచి వస్తాయనుకోలేదు. సునామీ అని చెప్పి ఉంటే కొండెక్కేవాళ్ళమని తర్వాత ఎంతోమంది అన్నారు. అధికారిక లెక్కల్లోనే ఆరు వేల మూడు వందల మంది. మాకు ఆ మాట ఉందని ఆతేకి చెప్పాను. ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమని తినేసింది అదే. మా అమ్మమ్మ ఆ మాట అనాలంటే గొంతు తగ్గించేది. ఆతే రెండుసార్లు మెల్లగా పలికింది. ఉప్పెన. ఉప్పెన.

ఆరు రోజులు కబురు లేదు. ఆ ఆరు రోజులూ ఆమె ఏం చేసిందో దగ్గరుండి చూశాను. మా గది మూలన ఎప్పుడూ ఒక బాలిక్‌బయాన్ బాక్సు సగం నిండి ఉండేది. ఆతే ప్రతి జీతానికీ కొన్ని సబ్బులు, టిన్నులు, చాక్లెట్లు అందులో వేసేది. నిండాక ఓడలో పంపేది. రెండో రోజు ఆ బాక్సులోంచి చాక్లెట్లన్నీ తీసేసింది. కొవ్వొత్తులు, బ్యాటరీ లైట్లు, మూడు సైజుల్లో రబ్బరు చెప్పులు, పారాసెటమాల్, తాడు, తువ్వాళ్ళు, లోదుస్తులు, అగ్గిపెట్టెలు తెచ్చి పెట్టింది. విల్లాలో ఉన్నవాళ్ళంతా తలా ఒకటి తెచ్చి ఇచ్చారు. ఖాళీ మూలల్లో సాక్సులు ఉండ చుట్టి దూర్చింది. టేపు వేసి, పైన చెయ్యి వేసి అదిమింది. మళ్ళీ టేపు వేసింది. నల్ల మార్కర్‌తో వాళ్ళమ్మ పేరు, వీధి పేరు పెద్ద అక్షరాలతో రాసింది. ఆ వీధి ఉందో లేదో తెలియదు. ఆ పేరున్న మనిషి ఉందో లేదో తెలియదు. ఒక్క అక్షరం వంకర పోలేదు.

ఆరో రోజు రాత్రి అన్నయ్య దగ్గర్నించి మెసేజ్ వచ్చింది. సాన్ హువానికో వంతెన దాటి సమార్ వైపు వెళ్ళి, కత్బలోగన్‌లో సిగ్నల్ దొరికాక పంపాడు. రెండే మాటలు, వాళ్ళ వారాయ్ భాషలో: బుహీ కమి. మేం బతికే ఉన్నాం.

అప్పుడు ఏడ్చింది.

వంటింటి కిటికీకి సెప్టెంబరులో కట్టిన పరోల్ ఉండనే ఉంది. దాన్ని విప్పేసి, కొత్తది కట్టడానికి కూర్చుంది. బార్బెక్యూ పుల్లలు తెచ్చి రాత్రంతా నీళ్ళలో నానబెట్టింది, వంచితే విరక్కుండా. రెండేసి పుల్లలు అతికి అయిదు పొడుగు పుల్లలు చేసి, ఒక చుక్క. అలాగే ఇంకో చుక్క. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొసలూ దారంతో బిగించి, లోపలి అయిదు కూడళ్ళలో చిటికెన వేలంత పుల్లముక్కలు నిలబెట్టింది. పడుకున్న నక్షత్రం పొట్ట ఉబ్బి లేచింది. నేను జిగురు రాస్తుంటే ఆమె ఎర్ర కాగితం, పచ్చ కాగితం అంటించింది. తోకల మీద మార్కర్‌తో ఒక మాట రాసింది: తిందోగ్. లేచి నిలబడు అని. ఆ రోజుల్లో తక్లోబాన్ గోడల మీదంతా అదే మాట. మా ఊళ్ళో అప్పుడు కార్తీకమాసం, శివాలయం ధ్వజస్తంభానికి ఆకాశదీపం వెలుగుతూ ఉంటుందని చెబితే, ఫోన్‌లో చూపించమంది. అమ్మ వీడియో పంపలేకపోయింది గానీ ఒక మసక ఫొటో పంపింది. ఆతే దాన్ని చాలాసేపు చూసింది.

2016లో నేను వచ్చేసే రోజు, ఆ పరోల్‌లో పుల్లముక్కలు తీసేసి, చాప మడిచినట్టు పల్చగా చేసి, నా సూట్‌కేసులో చీరల మధ్య పెట్టింది.

తర్వాత ఆమె ఇంగ్లండ్ వెళ్ళింది, అక్కడి ఆస్పత్రికి. 2020 డిసెంబరు 8న కోవెంట్రీలో పెద్దావిడకి ఆ దేశపు మొదటి కోవిడ్ టీకా వేసిన నర్సు మే పార్సన్స్ ఫిలిప్పీన్స్ ఆవిడేనని ఆ రోజే నాకు మెసేజ్ పెట్టింది. మరుసటి జూలైలో టోక్యో నుంచి ఇంకో సంబరం. 24న మన మీరాబాయి చానుకి రజతం వచ్చిందని నేను రాస్తే, 26న హిదిలిన్ దియాస్ వెయిట్‌లిఫ్టింగ్ 55 కిలోల విభాగంలో బంగారం గెలిచిందని ఆతే వాయిస్ మెసేజ్ పంపింది. 1924 నుంచి వెళుతున్నా ఆ దేశానికి ఒలింపిక్స్‌లో అదే తొలి బంగారు పతకం. కరోనాకి మలేషియాలో చిక్కుబడిపోతే వెదురు కర్రకి నీళ్ళ క్యాన్లు కట్టి ఎత్తిందట ఆ అమ్మాయి. మెసేజ్‌లో సగం ఏడుపే. చివర ఎప్పటిలాగే "కుమాయిన్ కా నా?" అని అడిగింది. తిన్నావా అని.

ఆ పరోల్ మా వసారాలో ఇప్పటికీ కడతాను. మొదటిసారి కట్టింది 2017లో. పిన్ని పందొమ్మిదేళ్ళ తర్వాత కువైట్ నుంచి శాశ్వతంగా వచ్చేసిన ఏడాది అది. పుల్లముక్కలు ఎలా నిలబెట్టాలో మర్చిపోయి నేను తంటాలు పడుతున్నాను. పక్కింటి మామ్మగారు గేటు దగ్గర ఆగి, "మీరూ స్టార్ కడుతున్నారేంటమ్మా?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే వెనకనించి పిన్ని గొంతు వినిపించింది.

"స్టార్ కాదండీ, పరోల్. నేను కువైట్‌లో పని చేసిన ఇంట్లో వంటమనిషి ఫిలిప్పీన్స్ ఆవిడ. పన్నెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. ప్రతి ఏడాదీ ఇద్దరం కలిసే కట్టేవాళ్ళం."

మామ్మగారికి ఎవరూ ఎప్పుడూ చెప్పని సంగతి అది. పిన్ని వచ్చి నా చేతిలోంచి పుల్లముక్క తీసుకుని, కూడలి దగ్గర చటుక్కున నిలబెట్టింది. రెండోది. మూడోది. నక్షత్రం ఉబ్బి లేచింది.

"లోపల బల్బు పెట్టలేదేంటే?" అంటూ వైరు వెతకడానికి లోపలికి వెళ్ళింది.